పొగ కాదు, ఆవిరి

అక్టోబర్ 5, 2013. శనివారం. ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్

సిగరెట్ మానేయాలని నిర్ణయించుకున్నాను. ఈసారి నిర్ణయం గట్టిదే. కాకపోతే ఏ పనికైనా ముందు సరైన పనిముట్టు ఉండాలి. ఈ-సిగరెట్లలో ఏది మంచిదో చూస్తున్నాను. సుధ ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చింది?" అంది. రీసెర్చ్ చేస్తున్నానన్నాను. "మానడానికి రీసెర్చ్ ఏంటి దివాకర్?" అని పెట్టేసింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషి అనాల్సిన మాట కాదు అది.

ఆగస్టులో మా అమ్మాయి హాసినికి ఆయాసం ఎక్కువై ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. ఇంట్లో ఎవరైనా స్మోక్ చేస్తారా అని డాక్టరమ్మ అడిగింది. గరాజ్ తలుపు వేసుకుని అక్కడే తాగుతానని చెప్పాను. బట్టలకి, కారు సీట్లకి పట్టిన పొగ కూడా ఈ పిల్లకి పడదంది. నెల తిరక్కుండా సుధకి నార్త్ కరొలైనాలో, మోరిస్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. ఎప్పుడు అప్లై చేసిందో నాకు తెలియదు. హాసినిని అక్కడే సెకండ్ గ్రేడ్‌లో చేర్చింది. "మానేసిన రోజు వచ్చేయ్" అంది కారెక్కుతూ. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి.

అక్టోబర్ 9

గ్యాస్ స్టేషన్‌లో ఒకటి కొన్నాను. అచ్చం సిగరెట్ లాగే ఉంది. పీలిస్తే చివర నీలం దీపం వెలుగుతుంది.

మా ఆఫీసు వెనక స్మోకింగ్ కోసం బస్టాప్ లాంటి అద్దాల షెడ్డు ఒకటి ఉంది. పదిన్నరకీ మూడింటికీ నేనూ శశికాంత్ అక్కడ కలుస్తాం. వాడిది జగిత్యాల, వేరే టీము, వేరే అంతస్తు. సిగరెట్టే లేకపోతే వాడి పేరు కూడా నాకు తెలిసేది కాదు. నా నీలం దీపం చూసి, "గిదేందన్నా, పెండ్లింటి సీరియల్ బల్బు లెక్కున్నది" అన్నాడు. మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోయింది. వాడి దగ్గర అసలుది తీసుకుని తాగాను.

అక్టోబర్ 13. ఆదివారం

రోజంతా ఎక్సెల్ షీట్. పెన్ను రకాలు ఒక పక్క, డబ్బా రకాలు ఒక పక్క. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ట్యాంకు కారుతుందా, కాయిల్ ఎన్నాళ్ళకి మార్చాలి, చలికి తట్టుకుంటుందా. ఒక ఫోరమ్‌లో ఒకడు బ్రహ్మాండం అన్నదాన్ని ఇంకో ఫోరమ్‌లో ఇంకొకడు చెత్తబుట్టలో వెయ్యమన్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలకి ఈ బాధ తెలియదు.

షీట్ పూర్తయ్యేసరికి పెట్టె ఖాళీ అయింది. సిగరెట్ పెట్టె.

అక్టోబర్ 19

ఈ-సిగరెట్లు అమ్మే వేప్ షాపుకి వెళ్ళాను. షాపావిడ నాకంటే పొడుగు, మోచేతుల దాకా పచ్చబొట్లు. ఏం కావాలని అడగలేదు, ఎవరి కోసం మానేస్తున్నావని అడిగింది. కూతురి కోసం అన్నాను. ట్యాంకులో పోసి పీల్చే జ్యూస్‌లు రకరకాలవి రుచి చూపించింది. దాల్చినచెక్క రుచి గొంతు పట్టుకుంది. పుదీనా బాగుంది. గంటసేపు కూర్చుని, ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. మనిషితో అంతసేపు మాట్లాడి చాలా రోజులైందని కారెక్కాక అనిపించింది.

అక్టోబర్ 20

తొందరపడకూడదు. తొందరపడి నాసిరకం కొంటే మళ్ళీ సిగరెట్‌కే వెళ్తాం. అందరూ అదే రాశారు.

అక్టోబర్ 27

వీడియో కాల్‌లో హాసిని పన్ను ఊడిన చోటు చూపించింది. స్క్రీన్ నిండా నోరే. దిండు కింద పెట్టిన పన్ను తీసుకుని టూత్ ఫెయిరీ డాలరిచ్చిందట, ఇండియన్ టూత్ ఫెయిరీ అయితే ఎంతిస్తుందని అడిగింది. చెబుతూ చెబుతూ కెమెరా గోడ వైపు తిప్పి సిగరెట్ వెలిగించాను.

"డాడీ, నువ్వు కనిపించట్లే."

నెట్ బాగా లేదమ్మా అన్నాను.

నవంబర్ 8

మొదటి మంచు. షెడ్డులో కాళ్ళు ఆడిస్తూ శశికాంత్ సలహా చెప్పాడు.

"అన్నా, నీ ఎక్సెల్ షీటు పక్కన వెట్టు. మాల ఏస్కో."

"అయ్యప్ప మాలా?"

"మరేంది? నేను పోయినేడు ఏస్కున్న. మండలం మొత్తం, నలభై ఒక్క దినాలు ముట్టలే. మా ఊర్ల సగం మంది తాగుడు గట్లనే బందయితది."

"మరి ఇప్పుడు తాగుతున్నావు కదా?"

"మాల తీసిన్నాడే షురూ చేసిన. అది వేరే ముచ్చట."

నాకు భక్తి లేదు. భయం ఉంది. మా బాబాయి మాల వేసుకున్నప్పుడు ఇంట్లో పిన్ని కూడా గొంతు తగ్గించి మాట్లాడేది. మాలలో ఉన్నవాణ్ణి సుధ కూడా నమ్ముతుంది.

నవంబర్ 10

పెన్ను రకం కొనేశాను. నల్లది. జేబులో పెట్టుకుంటే మామూలు పెన్ను అనుకుంటారు. పుదీనా జ్యూస్ రెండు సీసాలు.

మాల వేసుకుంటే సిగరెట్ ముట్టను, అది ఖాయం. ముట్టకుండా ఉండాలంటే చేతిలో ఇది ఉండాలి. అదీ ఖాయమే.

నవంబర్ 14

జ్యూస్ సీసా మీద గ్లిజరిన్ అని ఉంది. గ్లిజరిన్ జంతువుల కొవ్వు నుంచి కూడా తీస్తారని చదివాను. మాలలో ఉండి అది పీలిస్తే మహాపాపం కదా. షాపుకి ఫోన్ చేశాను. షాపావిడ లోపలికి వెళ్ళి డబ్బా మీద చదివి, వెజిటబుల్ గ్లిజరిన్ అని చెప్పింది. కచ్చితంగానా అని రెండోసారి అడిగాను. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగింది నువ్వొక్కడివే అంది. మనసు తేలికపడింది.

నికొటిన్ సంగతి అడగలేదు. అది మొక్కదే. ఆ అనుమానం ఎవరికీ ఉండదు.

నవంబర్ 16. శనివారం

గుడిలో మాల వేయించుకున్నాను. గురుస్వామి కోటేశ్వరరావు గారు. ఇక్కడ కార్ల కంపెనీలోనే ఇంజినీరు, పద్దెనిమిదిసార్లు కొండకి వెళ్ళొచ్చారు. ఆరుగురం. నేనొక్కణ్ణే కన్నెస్వామిని, అంటే మొదటిసారి వేసుకున్నవాణ్ణి. రెండు పూటలా తలస్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, మాంసం, మందు, సిగరెట్ లేవు అని వరసగా చెప్పారు. చెప్పులు కూడా ఉండకూడదు గానీ, "మిషిగన్ సంగతి స్వామికి తెలుసు. మంచులో బూట్లు వేసుకోండి. కాళ్ళు పోగొట్టుకోమని ఏ దేవుడూ చెప్పడు" అన్నారు. అందరం నవ్వాం.

పెన్ను గురించి అడుగుదామనుకున్నాను. అడిగితే వద్దంటారు. అడగకపోతే ఏమీ అనరు. బూట్లకి మినహాయింపు ఉన్నప్పుడు ఆవిరికి ఉండదా? ఇది పొగ కాదు. ఇడ్లీ కుక్కర్ కూడా ఆవిరే వదులుతుంది.

నవంబర్ 17

సుధకి చెప్పాను. "స్వామి శరణం" అంది. ఆ వెంటనే "మీరు భోంచేశారా స్వామీ?" అంది. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒకే ప్రాజెక్టులో పనిచేశాం. అప్పటినుంచీ నువ్వే. మొదటిసారి మీరు అంది. మాలలో ఉన్నవాణ్ణి అలాగే పిలవాలి, తెలుసు. అయినా ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది.

హాసినికి కూడా నేర్పింది. స్వామి అనడం రాక "సామీ" అంటోంది. డాడీ అనమన్నాను. "అమ్మ నో అంది. నువ్వు బీడ్స్ తీసేదాకా."

నవంబర్ 25

సిగరెట్ ముట్టి తొమ్మిది రోజులు. ఎవరికైనా చెప్పాలని ఉంది.

షెడ్డుకి వెళ్ళడం మానేశాను. మొదటి రెండు రోజులు వెళ్ళాను. నల్ల బట్టలు, నుదుట విభూతి చూసి శశికాంత్ సిగరెట్ వీపు వెనక దాచి "స్వామీ" అని పక్కకి జరిగాడు. నా ఎదుట తాగడానికి వాడికి భయం. వాడి పదిన్నర పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను. సిగరెట్ అయితే తలుపు తీసుకుని బయటికి వెళ్ళాలి, ఎవరో ఒకరు కనిపిస్తారు, చలి గురించో వీసా గురించో నాలుగు మాటలు. దీనికి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. కారులో పీలుస్తాను. బాత్‌రూంలో పీలుస్తాను. నేల మీద దుప్పటి కప్పుకుని పీలుస్తాను.

ఇవాళ సాయంత్రం దాకా ఒక్కరితో కూడా మాట్లాడలేదని ఇప్పుడే గమనించాను.

నవంబర్ 30

కోటేశ్వరరావు గారి బేస్‌మెంట్‌లో పడిపూజ. నలభై కుటుంబాలు వచ్చాయి. నా గొంతు బాగుందని శరణుఘోష చెప్పించారు. నేనొక మాట అంటే ఇల్లంతా తిరిగి అంది. ఒళ్ళు పులకరించింది. పెద్దావిడొకరు అరిటాకులో పులిహోర పెడుతూ, "ఒక్కళ్ళే ఉంటున్నారా స్వామీ? రోజూ మా ఇంటికి భిక్షకి రండి" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరియాలు ఎక్కువయ్యాయని చెప్పాను.

మధ్యలో రెండుసార్లు కారు దగ్గరికి వెళ్ళొచ్చాను.

డిసెంబర్ 3

రమ్మన్నారు కదా అని పులిహోర పెట్టినావిడ ఇంటికి బయల్దేరాను. వాళ్ళింట్లో రెండు గంటలు పీల్చకుండా ఎలా అని ఆలోచించాను. ఆఫీసులో పని ఉందని ఫోన్ చేసి చెప్పాను.

డిసెంబర్ 8

జ్యూస్ ఇంకా ఘాటుది కొన్నాను. సిగరెట్ అయితే ఒక చోట అయిపోతుంది, పారేస్తాం. ఇది అయిపోదు. నిద్ర లేవగానే, స్నానానికి ముందు, స్నానం తర్వాత. దీపారాధన అయ్యేదాకా మాత్రం ఆగుతాను.

డిసెంబర్ 12

సుధ ఫోన్. వాళ్ళ కంపెనీలో నా పనికి సరిపోయే ఖాళీ ఉందట. హైరింగ్ మేనేజర్ తనకి తెలుసట. హెచ్-వన్ వీసా ట్రాన్స్‌ఫర్ చేస్తారట. "క్రిస్మస్ సెలవులకి ఇక్కడికే రండి స్వామీ. మండలం ఇక్కడి గుడిలో ముగిద్దాం. రెజ్యూమె నేను వెళ్ళి ఇస్తాను." "మీరు మానేస్తారని అనుకోలేదు" అంది.

మానేశాను. సిగరెట్ మానేశాను. అది అబద్ధం కాదు.

డిసెంబర్ 21. మోరిస్‌విల్

నిన్న బయల్దేరి, దారిలో మోటెల్‌లో ఆగి, ఇవాళ మధ్యాహ్నం చేరాను. కారుకి వాసన పట్టకూడదని వెస్ట్ వర్జీనియా కొండల్లో కూడా అద్దాలు దించే నడిపాను. చెవులు పోయాయి.

తలుపు తీస్తూనే సుధ వంగి కాళ్ళకి దండం పెట్టింది. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ బతిమాలినా పెట్టని మనిషి. నేను వెనక్కి జరగబోతే, "స్వామికి పెట్టాను, మీకు కాదు" అని నవ్వింది. తన వెనకే హాసిని కూడా వంగింది. కోటు లోపలి జేబులో పెన్ను, మెడలో మాలకి వేలెడు దూరంలో ఉంది.

డిసెంబర్ 22

నా కోసం కొత్త గిన్నెలు, కొత్త చాప కొంది. షెల్ఫు మీద అయ్యప్ప ఫోటో. హాసిని నా ముందు కూర్చుని బడి కబుర్లు చెప్పింది. దగ్గకుండా, ఆగకుండా, అరగంట. ఇక్కడికొచ్చాక ఒక్కసారి కూడా ఎమర్జెన్సీకి వెళ్ళలేదట. సుధ వంటింట్లోంచి మమ్మల్ని చూస్తోంది. అప్పుడప్పుడు చూపు కలుస్తోంది. ఇలాంటి రోజు ఒకటి ఉంటుందని మర్చిపోయాను.

కారులో ఛార్జర్ మర్చిపోయానని చెప్పి మూడుసార్లు కిందికి వెళ్ళాను.

డిసెంబర్ 23

సుధ ఆఫీసుకి వెళ్ళింది. హాసిని బొమ్మలు వేసుకుంటోంది కదా అని కారులోకి వెళ్ళాను. కళ్ళు మూసుకుని లాగాను. తెరిచేసరికి అద్దం బయట హాసిని. చెప్పుల్లేవు, స్వెటర్ లేదు.

తలుపు తీశాను. నా చేతిలోది చూసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"సామీ, నీకు కూడా ఇన్‌హేలర్ ఉందా?"

ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

"నువ్వు రాంగ్‌గా చేస్తున్నావ్. లోపల హోల్డ్ చెయ్యాలి. టెన్ దాకా. నేను కౌంట్ చేస్తా."

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. నేను పది దాకా ఊపిరి బిగబట్టాను.

అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

డిసెంబర్ 24

నిన్నటి నుంచి హాసిని నన్ను వదలడం లేదు. తన గదిలో తేమ కోసం పెట్టే హ్యూమిడిఫైయర్ ఈడ్చుకొచ్చి నా చాప పక్కన పెట్టింది. రెండు ఇన్‌హేలర్లు కలిసిపోకుండా నా పెన్నుకి డైనోసార్ స్టికర్ అంటించింది. బయట చలి, వెళ్ళొద్దంది. అమ్మకి చెప్పొద్దమ్మా అన్నాను. ఎందుకంది. భయపడుతుందన్నాను. పెద్దమనిషిలా తలూపింది. ఏడేళ్ళ పిల్ల చేత రహస్యం దాయించాను.

సాయంత్రం దీపం పెట్టాక తనే ఫోటో ముందు కూర్చుని చేతులు జోడించి గట్టిగా అంది.

"అయ్యప్పా, డాడీ ఆస్త్మా ఫస్ట్ తగ్గించు. నాది తర్వాత. నేను వెయిట్ చేస్తా."

గొంతు దాచుకోవడం ఇంకా చేతకాదు దానికి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఎవరికి ఆస్త్మా?" అంటూ సుధ బయటికి వచ్చింది.

హాసిని నా వైపు చూసింది. చాప మీద, స్టికర్‌తో, పెన్ను. సుధ వంగి తీసుకుంది. వాసన చూసింది. "హాసినీ, లోపలికి వెళ్ళి టీవీ చూసుకో" అంది. పిల్ల వెళ్ళాక తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పట్నుంచి?"

"సిగరెట్ కాదు సుధా. ఒక్క సిగరెట్ కూడా ముట్టలేదు. ఇది పొగ కాదు, ఆవిరి."

"నేను పొగ గురించి అడగలేదు."

"మాలకి ముందు నుంచి."

చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కేకలేస్తే బాగుండేది.

"సిగరెట్ మానలేకపోతున్నాను, ఇది వాడుతున్నాను అని ఒక్క మాట చెప్పి ఉంటే, నేనే డాక్టర్ని కనుక్కునేదాన్ని. నీ కాళ్ళకి దండం పెట్టాను దివాకర్. పిల్ల చేత పెట్టించాను."

మీరు పోయింది. స్వామి పోయింది.

"పిల్లకి నువ్వే చెప్పు. నేను చెప్పను. నువ్వు చెప్పకపోతే రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామంటుంది. తన పిగ్గీ బ్యాంక్ నీకిస్తానంటుంది. అది ఎలాంటి పిల్లో నీకు తెలియదు, నాకు తెలుసు."

డిసెంబర్ 25

చెప్పాను. అపార్ట్‌మెంట్ ముందు ఊయల దగ్గర.

ఇది మందు కాదమ్మా, సిగరెట్ లాంటిదే, డాడీకి ఆస్త్మా లేదు, నువ్వు అనుకుంటే ఊరుకున్నాను, తప్పు నాది అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేశాను. ఊయల ఆపేసింది. నా మొహంలో ఏదో వెతికింది.

"నీకు సిక్ లేదా?"

"లేదు."

"గుడ్" అంది ముందు. అది నిజంగానే అంది. తర్వాత అడిగింది. "మరి ఎందుకు?"

నాకు తెలిసిందే చెప్పాను. "అక్కడ ఎవరూ లేరమ్మా. ఇంట్లో ఒక్కణ్ణే. ఏం చెయ్యాలో తెలిసేది కాదు."

ఊయల గొలుసు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. కోపం లేదు. లెక్క కుదరనప్పుడు పెట్టే మొహం పెట్టింది.

"కానీ ఇక్కడ మేం ఉన్నాం కదా. ఇక్కడెందుకు?"

డిసెంబర్ 26. గురువారం

పొద్దున గుడిలో మాల తీయించాను. అర్చకుడు మంత్రం చెబుతుంటే పెదవులు కదిపాను. సుధ రాలేదు. హాసిని వచ్చింది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. పార్కింగ్‌లో దిగాక ఒక్కతే మెట్లెక్కి పైకి వెళ్ళింది. నేనెందుకు పైకి రాలేదోనని సుధ కిందికి వచ్చింది. నేనింకా కారులోనే ఉన్నాను. పక్క సీట్లో కూర్చుంది.

"రెజ్యూమె ఇంకా ఇవ్వలేదు. జనవరి రెండున మేనేజర్ వస్తాడు" అంది. "అది అడిగింది కదా, ఇక్కడెందుకు అని. దానికి నువ్వు జవాబు చెప్పు. చెప్పాక ఇస్తాను. నాక్కాదు, దానికి చెప్పు."

"చెప్పలేకపోతే?"

"ఫార్మింగ్టన్ హిల్స్ ఎటూ ఉంది."

తను పైకి వెళ్ళిపోయింది. పెన్ను తన దగ్గరే ఉంది. అడగలేదు, తనూ ఇవ్వలేదు. కారులో కూర్చునే ఇది రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

జవాబు నిన్ననే తెలిసింది. ఊయల దగ్గరే తెలిసింది. ఒంటరిగా ఉన్నానని పీల్చలేదు. ఎవరైనా దగ్గరికొస్తే పీల్చడం కుదరదని ఒంటరిగా ఉన్నాను. పులిహోర పెట్టినావిడ ఇంటికి అందుకే వెళ్ళలేదు. ఆదివారం నా కూతురు నా ముందు కూర్చుని కబుర్లు చెబుతుంటే, ఎప్పుడు లేస్తుందా అని చూశాను. మూడుసార్లు చూశాను. ఆ అరగంట నా జీవితంలోకెల్లా మంచి అరగంట, అయినా చూశాను.

ఇది దానికి చెప్పాలి. ఏడేళ్ళ పిల్లకి, దానికొచ్చిన తెలుగులో, "నువ్వు మాట్లాడుతుంటే నువ్వు ఎప్పుడు వెళ్ళిపోతావా అని చూశానమ్మా" అని చెప్పాలి. ఇంకోలా చెబితే మళ్ళీ అబద్ధమే అవుతుంది.

రెండో అంతస్తు కిటికీ దగ్గర కర్టెన్ పక్కకి జరిగింది. చిన్న తల ఒకటి కనిపించింది. కారు వైపే చూస్తోంది. నేను కారులో ఏం చేస్తున్నానో అని చూస్తోంది.

ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాను. కర్టెన్ కదలలేదు. కారు దిగుతున్నాను.